దసరా సెలవుల్లో మసాయ్ మారా: పిల్లలతో, పెద్దవాళ్లతో సఫారీకి వెళ్లాలంటే

కిందటి దసరాకు మేం ఐదుగురం కెన్యాలోని మసాయ్ మారా అభయారణ్యానికి వెళ్లొచ్చాం. నేను, మా ఆయన, పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు, అరవై ఎనిమిదేళ్ల మా అత్తమ్మ. వచ్చిన దగ్గర్నుంచి చుట్టాలూ ఆఫీసువాళ్లూ ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే మేం చేసిన తప్పులతో సహా, ఏది ముందు చేయాలో ఏది తర్వాత చేయాలో వరసగా రాస్తున్నాను.

ముందు నెల తేల్చుకోండి

మేం హోటళ్లు వెతకడంతో మొదలుపెట్టి రెండు వారాలు పోగొట్టుకున్నాం. మీరు గడ్డితో మొదలుపెట్టండి. మారాకు అందరూ వెళ్లేది వైల్డ్‌బీస్ట్ అనే, దున్నలా కనిపించే పెద్ద జింకల వలస చూడటానికి. ఆ వలసంతా గడ్డి కోసమే. వాన ఎక్కడ పడితే గడ్డి అక్కడ మొలుస్తుంది, మంద అటు నడుస్తుంది. వైల్డ్‌బీస్ట్‌ల సంఖ్య 13 లక్షలకు పైమాటేనని చాలాకాలంగా చెప్పుకుంటున్న లెక్క. వాటి వెంట లక్షల్లో జీబ్రాలూ, గజెల్ అనే చిన్న జింకలూ ఉంటాయి. జీబ్రాలు పొడుగు గడ్డి పైకొనలు మేస్తాయి, వైల్డ్‌బీస్ట్‌లు వాటి వెనక వచ్చి కింది ఆకు తింటాయి, ఆ తర్వాత పుట్టే లేత చిగురు గజెల్ల వంతు. అందుకే మూడూ ఒకదాని వెనక ఒకటిగా కనిపిస్తాయి.

ఇవి టాంజానియాలోని సెరెంగెటి పార్కు, కెన్యాలోని మారా మీదుగా ఏడాదికో చుట్టు తిరుగుతాయి. గడియారం ముల్లు తిరిగే దిక్కే. జనవరి నుంచి మార్చి దాకా సెరెంగెటి దక్షిణాన, న్డుటు చుట్టుపక్కల పొట్టి గడ్డి మైదానాల్లో ఉంటాయి. అక్కడి నేల అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడింది. గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ కాబట్టి పాలిచ్చే తల్లులకు ఆ మేత కావాలి. ఫిబ్రవరి అటూఇటుగా రెండు మూడు వారాల్లోనే లక్షల దూడలు పుడతాయి. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద వానలు. జూన్ నాటికి మంద పడమర వైపు గ్రుమేటి నది దగ్గరకు చేరుతుంది. జులై నుంచి అక్టోబరు దాకా ఉత్తర సెరెంగెటిలోనూ మారాలోనూ ఉంటూ, మారా నదిని అటూ ఇటూ దాటుతుంది. నవంబరులో చిన్న వానలు మొదలవగానే మళ్లీ దక్షిణానికి నడక.

ఇప్పుడు దీన్ని మన స్కూలు క్యాలెండరు పక్కన పెట్టి చూడండి. మన వేసవి సెలవులు వచ్చేది సరిగ్గా అక్కడి పెద్ద వానల్లో. రేట్లు తగ్గుతాయి, మైదానం పచ్చగా ఉంటుంది గానీ దారులు బురదమయం, నది దాటడం చూడాలన్న ఆశ వదులుకోవాలి. సంక్రాంతి సెలవులకు దూడలు పుట్టడం ఇంకా ఊపందుకోదు. ఇక మిగిలింది దసరా. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో మంద మారాలోనే ఉంటుంది, జులై, ఆగస్టుల్లో ఉండేంత రద్దీ ఉండదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు మాత్రం జులై, ఆగస్టే కుదురుతుంది. అమ్మానాన్నలు ఇక్కణ్నుంచీ, పిల్లలు అక్కణ్నుంచీ వచ్చి నైరోబీలో కలుసుకునే కుటుంబాన్ని మా క్యాంపులోనే చూశాం. స్కూలు గొడవ లేని చిన్నపిల్లలో, రిటైరైన దంపతులో అయితే ఫిబ్రవరిలో న్డుటుకు వెళ్లమని చెబుతాను. పుట్టిన కొద్ది నిమిషాలకే తడబడుతూ లేచి తల్లి వెంట పరిగెత్తే దూడను చూడాలంటే అదే కాలం.

ఒకే చోట ఉండండి

ట్రావెల్ ఏజెంట్లు ఏడు రోజుల్లో నాలుగు పార్కులు చూపిస్తామంటారు. వద్దు. రోజూ ఐదారు గంటలు గతుకుల్లో కూర్చుని, రాత్రి కొత్త గదిలో సంచులు విప్పడం పెద్దవాళ్లకు నరకం. మేం మారాలో నాలుగు రాత్రులు, నైరోబీలో వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి ఉన్నాం. మారాలో ఇంకో రాత్రి ఉంటే బాగుండేదనే అనిపించింది.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. మ్యాపులో మారా, సెరెంగెటి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఇటు నుంచి అటు దూరిపోవచ్చనుకుంటారు. ఆ సరిహద్దులో పర్యాటకులకు దారి లేదు. పడమరగా ఇసెబానియా దాకా పోయి, అక్కడ సరిహద్దు దాటి తిరిగి రావాలి. పైగా టాంజానియాకు వేరే వీసా కావాలి. పిల్లలతో మొదటిసారి వెళ్తున్నప్పుడు ఒక దేశం చాలు.

ముంబయి నుంచి నైరోబీకి నేరు విమానం ఆరు గంటల పైచిలుకు ప్రయాణం. నైరోబీ నుంచి మారాకు రోడ్డు మీద దాదాపు 270 కిలోమీటర్లు, ఐదారు గంటలు. దారిలో రిఫ్ట్ లోయ అంచున ఆగుతారు. అక్కడి గాలి చలికి మా అత్తమ్మ శాలువా తలమీదుగా కప్పుకుంది. ఆఫ్రికా అంటే ఎండలు మండుతాయనుకుని స్వెటర్లు అడుగున సర్దిన మేం, రోడ్డు పక్కన పెట్టెలు విప్పాల్సి వచ్చింది. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది. పొద్దున్నే వణుకు పుడుతుంది. స్వెటర్లు పైన పెట్టుకోండి.

రోడ్డు వద్దనుకుంటే నైరోబీలోని విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానాలున్నాయి, ముప్పావు గంటలో దింపుతాయి. అయితే మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. చక్రాల గట్టి సూట్‌కేసులు ఆ విమానం పొట్టలో పట్టవు.

గేటు టికెట్ లెక్క ముందే వేసుకోండి

క్యాంపు అద్దె మీద బేరమాడి, గేటు ఫీజు సంగతి మర్చిపోతారు. మారా రిజర్వులో విదేశీ పెద్దలకు 2024 నుంచి జనవరి-జూన్ మధ్య రోజుకు 100 డాలర్లు, జులై-డిసెంబరు మధ్య 200 డాలర్లు. 9 నుంచి 17 ఏళ్ల పిల్లలకు 50. అంతకంటే చిన్నవాళ్లకు ఉచితం. అంటే మా ఐదుగురికి రోజుకు 650 డాలర్లు. మూడు రోజులకు 1,950. రూపాయల్లోకి మార్చి చూస్తే గుండె గుభేలుమంటుంది. కొటేషన్‌లో ఇది కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే చెల్లుతుంది. రిజర్వు లోపల ఉంటే, ఖాళీ చేసే రోజు ఉదయం ఎన్నింటిలోపు గేటు దాటాలో కూడా కనుక్కోండి. ఆలస్యమైతే ఇంకో రోజు టికెట్ మీద పడుతుంది.

డబ్బు ఆదా చేయాలనుకుంటే గదిలో చేయండి, బండిలో వద్దు. మామూలు టెంటు అయినా నిద్ర పడుతుంది. బండిని మాత్రం వేరేవాళ్లతో పంచుకోకండి. మా బాబుకు గంటకోసారి ఆకలి, గంటన్నరకోసారి ఒంటేలు. సింహం కోసం నాలుగు గంటలు కదలకుండా కూర్చునే ఫొటోగ్రాఫర్ల పక్కన మమ్మల్ని వేసుంటే వాళ్లకూ నరకమే, మాకూ నరకమే.

టీకా, కాగితాలు

ఇది బయల్దేరే ముందు వారం చేసే పని కాదు. కెన్యా నుంచి తిరిగి వచ్చేవాళ్లకు మన దేశంలో ఎల్లో ఫీవర్ టీకా కార్డు తప్పనిసరి. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే నిబంధన ఉంది. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు. ఒకసారి చెల్లుబాటైతే జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. వేసే రోజులూ వేళలూ పరిమితం కాబట్టి ముందే కనుక్కుని వెళ్లండి. తొమ్మిది నెలల లోపు బిడ్డలకు వేయరు. గుడ్డు పడనివాళ్లు, అరవై దాటినవాళ్లు తమ డాక్టరుతో ముందు మాట్లాడాలి. మా అత్తమ్మ విషయంలో ఆ సంప్రదింపులకే వారం పట్టింది. టికెట్లు అప్పటికే కొనేశాం, ఆ వారమంతా మాకు నిద్ర లేదు. పెద్దవాళ్లుంటే డాక్టరు మాట విన్నాకే టికెట్ కొనండి. మలేరియా మాత్రల గురించి కూడా అప్పుడే అడగండి, పెద్దలకు రాసేవన్నీ పిల్లలకు పనికిరావు.

కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసి ఈటీఏ, అంటే ముందుగా తీసుకునే ప్రయాణ అనుమతి, పెట్టింది. ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు. చంటిబిడ్డకైనా విడిగా చేయాలి. హోటల్ బుకింగులు, విమాన టికెట్లు జతచేయాలి. డబ్బులు గుంజే నకిలీ సైట్లు చాలా ఉన్నాయి, కెన్యా ప్రభుత్వ సైటు అవునో కాదో చూసుకుని నింపండి.

సంచిలో ఏముండాలి

మన ఇళ్లలో ప్రయాణమంటే పాలిథిన్ కవర్లే. ఆవకాయకు రెండు కవర్లు, చెప్పులకొకటి, తడిబట్టలకొకటి. కెన్యాలో పాలిథిన్ సంచులు 2017 నుంచి నిషేధం. టాంజానియాలో 2019 నుంచి. రిజర్వుల్లోకి వాడిపారేసే ప్లాస్టిక్ సీసాలు కూడా తీసుకెళ్లకూడదు. మేం చివరి రాత్రి కూర్చుని కవర్లన్నీ విప్పి, పచ్చడి బిగువు మూత స్టీలు డబ్బాలోకి మార్చి, పాత లుంగీ గుడ్డలో మూట కట్టాం. ఒక్క చుక్క కారలేదు.

బట్టలు ఖాకీ, గోధుమ, ముదురాకు రంగుల్లో పెట్టుకోండి. నీలం, నలుపు వద్దు. ఆ రంగులకు సెట్సీ ఈగలు ముసురుతాయి, కుడితే బట్ట మీద నుంచే చురుక్కుమంటుంది. సైన్యం వేసుకునే మచ్చల డిజైన్ బట్టలు అసలు పెట్టొద్దు, పిల్లలవైనా సరే. దుమ్ముకు పల్చటి చున్నీ, టోపీ, 8×42 బైనాక్యులర్ ఒకటి. రెండుంటే పిల్లల మధ్య యుద్ధం తప్పుతుంది. మాకు తప్పలేదు.

తిండి గురించి మా అత్తమ్మ భయపడ్డంత ఏమీ లేదు. కెన్యాలో తరతరాలుగా గుజరాతీలూ పంజాబీలూ ఉన్నారు, చపాతీ, సమోసా అక్కడివాళ్ల తిండిలో కలిసిపోయాయి. ‘వెజిటేరియన్’ అని ఊరుకోకుండా మాంసం, చేప, గుడ్డు మూడూ వద్దని బుకింగ్‌లోనే విడివిడిగా రాయించండి. మొదటి రోజు మధ్యాహ్నం బల్ల మీద తెల్లగా ఉగాలి ముద్ద, పక్కన సుకుమా వికి అనే ఆకుకూర పెట్టారు. అత్తమ్మ వేలితో నొక్కి చూసి, “గిది మక్క గటకనే గదనే!” అంది. పాలమూరు పల్లెలో పుట్టిన మనిషి. నంజుకోవడానికి ఆవకాయ తీయించింది. తర్వాతి మూడు రోజులూ వంటాయన ఆమెకు ఉగాలి విడిగా తెచ్చి, ఆ డబ్బా వైపు ఆశగా చూసేవాడు. చివరికి సగం పచ్చడి ఆయనకే ఇచ్చి వచ్చాం.

బండి, డ్రైవరు

పైకప్పు లేచే ల్యాండ్ క్రూజర్ అడగండి. ప్రతి మనిషికీ కిటికీ ఉండాలి. లోపల రేడియో, చార్జింగ్ పాయింట్లు ఉన్నాయో లేదో చూసుకోండి. డ్రైవరే గైడు కూడా. కెన్యాలో సఫారీ గైడ్ల సంఘం పరీక్ష పెట్టి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ బ్యాడ్జీలు ఇస్తుంది. పిల్లలతో బాగా మాట్లాడే సిల్వర్ గైడు కావాలని అడిగితే సాధారణంగా సర్దుబాటు చేస్తారు. మాకు దొరికినాయన మొదటి రోజే మా పాపకు స్వాహిలి పేర్ల ఆట నేర్పాడు. సింబా అంటే సింహం, తెంబో ఏనుగు, ట్విగా జిరాఫీ, చుయి చిరుత, దుమా చీటా, న్యుంబు వైల్డ్‌బీస్ట్. జీబ్రాను పుండా మిలియా అంటారట, అంటే చారల గాడిద. మాంబా అనగానే మా బాబు పామనుకుని కాళ్లు పైకి లాక్కున్నాడు. స్వాహిలిలో మాంబా అంటే మొసలి.

చిరుతకూ చీటాకూ తేడా మనలో చాలామందికి తెలియదు, తెలుగులో రెండిటినీ చిరుత అనేస్తాం. చీటాకు కంటి మూల నుంచి నోటి దాకా కాటుక కారినట్టు నల్లగీత ఉంటుంది. పగటిపూట మైదానంలో చెదపుట్టలెక్కి చూస్తుంటుంది. చిరుత చెట్టు కొమ్మ మీద కాళ్లు వేలాడేసి పడుకుంటుంది. కొమ్మ కింద వేలాడే తోక కోసం వెతకమని పిల్లలకు చెప్పండి.

డ్రైవరుకు మీరు చెప్పకూడని మాట ఒకటుంది: ‘ఇంకొంచెం దగ్గరికి పోనివ్వు’. టిప్పు మీద ఆశతో కొందరు పోనిస్తారు, దారి దిగితే జరిమానా పడుతుంది. బండి దిగకూడదు. నిలబడినా కేకలేయకూడదు. ఒంటేలు సంగతేమిటంటే, ఆపుకోలేని పరిస్థితి వస్తే గైడుకు చెప్పండి. ఆయన చుట్టూ చూసి, సురక్షితమైన చోట ఆపి, సరేనంటేనే బండి వెనక్కి వెళ్లాలి. అక్కడ దానికి ‘టైరు చూసి రావడం’ అని మర్యాదపేరు. మా బాబు ఇప్పటికీ ఇంట్లో బాత్రూమ్‌కు వెళ్తూ టైరు చూసొస్తానంటాడు.

రోజుకు రెండు విడతలు చాలు. ఆరింటికి బయల్దేరి పదింటికల్లా వెనక్కి, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా. మధ్యలో జంతువులూ నిద్రపోతాయి, మీరూ నిద్రపోండి. నది దగ్గర కాపలా కాసే రోజు మాత్రం లంచ్ డబ్బాలు కట్టించుకుని పొద్దంతా ఉండాలి. అది ఒక్క రోజు పెట్టుకోండి.

రాత్రి క్యాంపులో

చాలా క్యాంపులకు కంచె ఉండదు. చీకటి పడ్డాక టెంటు నుంచి భోజనాల దగ్గరికి వెళ్లాలంటే అస్కారీ, అంటే కాపలాదారు, టార్చి పట్టుకుని వచ్చి తీసుకెళ్తాడు. ఆయన రాకుండా అడుగు బయట పెట్టకూడదని పిల్లలకు మొదటి రోజే గట్టిగా చెప్పండి. నది పక్కన క్యాంపు అయితే రాత్రిళ్లు నీటిగుర్రాలు గట్టెక్కి మేస్తాయి. మొదటి రాత్రి మా పాప దుప్పట్లో కాళ్లు పెట్టి ఒక్క కేక వేసింది, లోపల వెచ్చగా మెత్తగా ఏదో ఉందని. చలికని పక్కలో పెట్టిన వేడినీళ్ల రబ్బరు సంచి అది. ముందే చెప్పి ఉంచండి.

నది దగ్గర

మంద ఎప్పుడు దాటుతుందో ఎవరూ చెప్పలేరు. చెప్పగలమని డబ్బులడిగేవాళ్లను నమ్మకండి. ఒడ్డున వేలాది జంతువులు గుమిగూడినా, దాటకుండా వెనక్కి పోవచ్చు. కాబట్టి నది దాటడం చూడటానికే వెళ్తున్నామని పిల్లలకు చెప్పకండి. మైదానం నిండా మందను చూడటానికి వెళ్తున్నామని చెప్పండి, అది తప్పకుండా కనిపిస్తుంది.

మూడో రోజు ఉదయం పది దాటాక మేం ఒడ్డుకు దూరంగా ఒక పొద పక్కన ఇంజిన్ ఆపుకుని కూర్చున్నాం. మొదటి జంతువు నీళ్లలోకి దిగేదాకా బండ్లు వెనకే ఉండాలి. ముందే ఒడ్డుకు చేరితే మంద బెదిరి తిరిగిపోతుంది. అవతల ఒక జీబ్రా గట్టు దిగింది, నీళ్లు తాగింది, ముక్కుతో బుస్సుమని వెనక్కి తుళ్లింది. అంతే, దాని వెనకున్న వందల వైల్డ్‌బీస్ట్‌లు దుమ్ము రేపుకుంటూ గట్టెక్కేశాయి. ఇలా నాలుగుసార్లు. పిల్లలు పేకముక్కలు తీశారు. మా ఆయన నిద్రపోయాడు. అత్తమ్మ ఒక్కతే బైనాక్యులర్ దించలేదు. “దున్నపోతు మొఖం, మేక గడ్డం, గుర్రం తోక. బుద్ధి మాత్రం మా గొర్లదే. ముందలిది దుంకనీ బిడ్డా, అన్ని దుంకుతయ్” అంది. ఆమె పుట్టింటివాళ్లు మేత లేని ఏళ్లలో గొర్ల మందను తోలుకుని నెలల తరబడి వలస పోయినవాళ్లే.

ఒకటిన్నర దాటాక ఒకటి దూకింది. ఆ తర్వాత లెక్క లేదు. డెక్కల మోత, నీళ్లు చిమ్మడం, కప్పల్లా బెకబెకమనే వాటి అరుపులు, అన్నీ కలిసి ఎనిమిది నిమిషాలు. గైడు అప్పుడు బండిని ఒడ్డుకు తీసుకెళ్లాడు, అవి ఎక్కే దారికి అడ్డం రాకుండా పక్కగా. ఒక దూడను మొసలి పట్టింది. ఏటా వేలల్లో ఇక్కడే మునిగి చచ్చిపోతాయి, వాటి మీద చేపలూ రాబందులూ మొసళ్లూ బతుకుతాయి. ఇదంతా పిల్లలతో ముందురోజే మాట్లాడి ఉంచడం మంచిదైంది. మా బాబు మొహం తిప్పుకున్నాడు, ఏడవలేదు. పాప మాత్రం అవతలి గట్టు మీద ఒంటరిగా మిగిలి అరుస్తున్న ఇంకో దూడను చూపించింది. కాసేపటికి దాటేసిన ఒక ఆడది మళ్లీ నీళ్లలోకి దిగి వెనక్కి ఈదింది. తల్లేనా అని పాప అడిగితే గైడు, “చూద్దాం” అన్నాడు. అరగంట ఆగాం. రెండూ గడ్డిలో పక్కపక్కనే నిలబడ్డాయి. మీ గైడుకు తొందరుంటే, మంద దాటాక కూడా అరగంట ఆగుదామని అడగండి.

తిరుగు ప్రయాణం

గైడుకు టిప్పు చివరి రోజు కవరులో పెట్టి ఇవ్వండి, బండికి రోజుకు పది నుంచి ఇరవై డాలర్లు మర్యాద. పాత డాలరు నోట్లు అక్కడ తీసుకోరు, 2013 తర్వాత ముద్రించినవే పెట్టుకోండి. ఎల్లో ఫీవర్ కార్డులు పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలో ఉండాలి. మేం ముంబయిలో దిగి ఆరోగ్య తనిఖీ లైన్లో నిలబడ్డాక చూస్తే నాలుగు కార్డులే ఉన్నాయి. ఐదోది అత్తమ్మ భద్రంగా ఉంటుందని ఖాళీ ఆవకాయ డబ్బాలో పెట్టింది. డబ్బా ఆమె చేతిసంచిలోనే ఉంది కాబట్టి బతికిపోయాం. కార్డు మీద నూనె మరకను చూసి అధికారి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ముద్ర వేశాడు.